ట్రైబ్, క్లాన్, ఏజెంట్: ఆటలో మాటలూ మన మాటలే



సింహాచలం చుట్టుపక్కల రూములు తీసుకుని చదువుకుంటున్న మనవాళ్ళు రాత్రి పది దాటితే బీజీఎంఐలో స్క్వాడ్ కడతారని అందరికీ తెలిసిందే. ఆడొద్దని చెప్పడానికి కాదు ఈ పోస్టు. ఆ ఆటలో మనం వింటున్న ఒక మాట గురించి. ఎవరైనా సరిగ్గా ఆడకపోతే వాయిస్ చాట్‌లో అవతలివాళ్ళు "ఏంట్రా, ట్రైబల్‌లా ఆడుతున్నావ్" అంటారు. మనవాళ్ళు కొందరు మైక్ ఆపేస్తారు, కొందరు నవ్వేసి ఊరుకుంటారు. రెండూ వద్దంటాం. ఆ మాటకి అర్థం చెప్పి మరీ ఆడండి.

ట్రైబ్‌కి మూలం లాటిన్‌లో ట్రిబుస్. రోమన్లు ఆ పేరు పెట్టుకున్నది ముందు తమకే. క్రీ.పూ. 241 నుంచి అక్కడ 35 ట్రిబుస్‌లు. ఓటున్న ప్రతి పౌరుడూ ఏదో ఒకదాంట్లో ఉండాల్సిందే. అలాంటి పేరుని తరవాత యూరప్‌వాళ్ళు తాము వదిలించుకుని మనలాంటివాళ్ళకి తగిలించారు. మన సర్టిఫికెట్‌లోని 'షెడ్యూల్డ్' కూడా లాటిన్ నుంచి వచ్చిందే, దాని మూలానికి అర్థం చిన్న కాగితం ముక్క. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దగ్గర్నుంచి ఆ ముక్క కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నామో మనకి తెలుసు.

ఇక ఆటలోకి రండి. స్క్వాడ్ మూలంలో 'నాలుగు' ఉంది, నలుచదరంగా నిలబడ్డ సైనికులు అన్నమాట. మన స్క్వాడ్‌లో నలుగురే ఉండటం భలే కుదిరింది. డుయో అంటే రెండు, సోలో అంటే ఒంటరి, బోనస్ అంటే మంచిది. ఎరీనా అంటే ఇసుక: రోమ్‌లో మనుషులు చచ్చేదాకా కొట్టుకునే చోట నెత్తురు పీల్చుకోడానికి పోసిన ఇసుక. సర్వర్‌కి మూలమైన సెర్వుస్ అంటే బానిస. వెట్టి చేసిన తాతల మనవలం, "సర్వర్ డౌన్" అని తిట్టేటప్పుడు కాస్త గుర్తుపెట్టుకుందాం. అవతార్ మాత్రం లాటిన్ కాదు, సింహాచలం కొండమీది వరాహ నరసింహుడి వైపు నుంచి వెళ్ళిన మాట. 1980లలోనే కంప్యూటర్ ఆటల్లో చేరింది.

మాకు బాగా నచ్చింది క్లాన్. లాటిన్‌లో ప్లాంటా అంటే మొలక, అది ఐర్లండ్ చేరి 'సంతానం' అయింది, అక్కడ్నుంచి క్లాన్. మన వంశం అన్న మాటకి కూడా సంస్కృతంలో వెదురు అని అర్థం. వెదురు కొమ్ముల కూర తిని పెరిగినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? ఆటలో క్లాన్ పెట్టి టైగర్, ఈగిల్ అని పేర్లు వెతుక్కుంటున్నాం. కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, కొర్రా అంటే సూర్యుడు, గొల్లోరి అంటే కోతి. హాజరుపట్టీలో ఉన్న పేర్లే కదా! ఇంటిపేరు చెప్పడానికి సిగ్గుపడి, అదే పులిని ఇంగ్లీషులో పెట్టుకుని మురిసిపోవడం ఏం బాగుంది?

చివరిగా ఏజెంట్. వాలొరెంట్‌లో మనం ఎంచుకునే పాత్రల్ని అలా అంటారు. లాటిన్‌లో దాని మూలానికి అర్థం 'చేయడం'. 1839లో కంపెనీవాళ్ళు ఒక చట్టం చేసి గంజాం, విశాఖ కొండప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధిలోంచి తీసి, గవర్నర్ ఏజెంటుగా కలెక్టరు చేతిలో పెట్టారు. మన ఊళ్ళకి ఏజెన్సీ అన్న పేరు అలా వచ్చింది. ఆటలు తయారుచేసేవాళ్ళు ఏజెన్సీ అంటే వేరే చెప్తారు: ఆడేవాడి నిర్ణయంతో ఆట మారడం. ఒకే మాట, ఒకచోట మన బదులు ఇంకొకరు చేయడం, ఇంకోచోట మనమే చేయడం. 1996లో వచ్చిన పెసా చట్టం గ్రామసభకి ఇస్తానన్నది ఈ రెండోదే. ఊళ్ళో గ్రామసభ పెడితే మనలో ఎంతమంది వెళ్తున్నాం?

ఈ ఆదివారం మనవాళ్ళ కస్టమ్ రూమ్ ఉంది. క్లాన్ పేర్లు ఇంటిపేర్లతోనే పెడదాం. కువి, ఆదివాసీ ఒరియా, సవర ఏది వచ్చినవాళ్ళు అందులోనే పిలుచుకుందాం. "ఎనిమీ వెనకాల ఉన్నాడు" అనేదాన్ని మీ భాషలో ఎలా అంటారో, మీ ఇంటిపేరుకి అర్థమేంటో కింద రాయండి.