సంపు తొట్టిలోనా, తొట్టి కిందా?

అక్వేరియం గురించి వినిపించే సలహాల్లో చాలావరకు తేమ ఉన్న ఊళ్లను మనసులో పెట్టుకుని చెప్పినవే. అనంతపురానికి అవి ఉన్నవున్నట్టు అతకవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. ఎండా గాలీ కలిసి ఆవిరి చేయగలిగేది అంతకు మూడింతలు. ఈ లెక్క చెరువులతో ఆగదు, హాల్లో పెట్టిన గాజుతొట్టి దాకా వస్తుంది. ఫిల్టర్ సంపును తొట్టిలోనే ఒక చివర గాజుపలకలు అతికించి కట్టుకోవాలా, స్టాండు కింది అరలో విడిగా పెట్టుకోవాలా అని అడిగితే, ఇక్కడ అందం, ఖర్చు తర్వాత. ముందు చూడాల్సింది ఆవిరిని.

రెండు సంపులూ చేసే పని ఒకటే. తొట్టిలో నీరు ఒక అంచు మీదుగా పొర్లి మొదటి గదిలో పడుతుంది. అక్కడ స్పాంజి, ఫిల్టర్ దూది చెత్తను ఆపుతాయి. రెండో గదిలో సిరామిక్ రింగులో లావా రాళ్లో ఉంటాయి, అవి దొరక్కపోతే గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచైనా సరే. వాటిని పట్టుకుని పెరిగే బ్యాక్టీరియా చేపలు వదిలే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మూడో గదిలోని పంపు నీటిని తిరిగి తొట్టిలోకి కొడుతుంది. అలుగు పారుతున్నంతసేపు బుక్కరాయసముద్రం చెరువులో మట్టం నిలకడగా ఉన్నట్టు, పొర్లే అంచు వల్ల తొట్టిలో మట్టమూ కదలదు. ఆవిరైపోయిన నీళ్ల లోటంతా పంపు గదిలోనే తేలుతుంది.

లెక్క వేసి చూద్దాం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి అంటే దాదాపు 250 లీటర్లు. పైన నీటి పరపు 120 సెంటీమీటర్లకు 45. మూత లేకుండా, ఫ్యాను గాలి తగులుతూ, ఏప్రిల్‌లో రోజుకు అర సెంటీమీటరు ఆవిరైందనుకుంటే పోయేది 2.7 లీటర్లు. తొట్టి చివర ఆరంగుళాలు సంపుకు వదిలి, దాన్ని మూడు సమాన గదులు చేస్తే పంపు గది 15కు 15 సెంటీమీటర్లు. ఆ 2.7 లీటర్లూ ఆ కాస్త గదిలోంచే తగ్గాలి కాబట్టి మట్టం రోజుకు 12 సెంటీమీటర్లు దిగుతుంది. ధర్మవరంలో పెళ్లికి వెళ్లి రెండు రోజులుండి వచ్చేసరికి పంపు గాలి పీలుస్తూ గరగరలాడుతుంటుంది. దాన్ని చల్లగా ఉంచేవి ఆ నీళ్లే కనుక, ఇంకాస్త ఆలస్యమైతే కాలిపోతుంది. అదే కింద పెట్టిన సంపులో పంపు గది 40కి 35 ఉంటే రోజుకు రెండు సెంటీమీటర్లే తగ్గుతుంది. వారం దాకా చూడకపోయినా ఫర్వాలేదు.

ఈ ఒక్క లెక్కతో తీర్పు చెప్పేస్తే మాత్రం తొందరపాటే. కరెంటు పోయినప్పుడు సంగతి తిరగబడుతుంది.

కింది సంపులో పంపు ఆగిన క్షణం నుంచి పైనీళ్లు కిందికి జారడం మొదలవుతుంది. అంచు మీద రెండు సెంటీమీటర్ల నీరు ఉంటే 11 లీటర్లు దిగుతాయి. సంపులో ఆ ఖాళీ ఎప్పుడూ ఉంచాలి. అసలు ప్రమాదం పైకి నీళ్లు కొట్టే పైపుది. దాని మూతి నీటిమట్టానికి 10 సెంటీమీటర్లు లోపల ఉంటే, అదే పైపు సైఫన్‌గా మారి 54 లీటర్లు వెనక్కి లాగేస్తుంది. ఆ నీళ్లు చేరేది హాల్లోకి, అద్దె ఇల్లైతే కింది పోర్షన్ సీలింగులోకి. నాన్-రిటర్న్ వాల్వ్ పెడితే సరిపోతుందంటారు. మన బోరు నీళ్లలో దాన్ని నమ్ముకోలేం. గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్లటి పొరే వాల్వు మూత మీదా కట్టి, దాన్ని పూర్తిగా మూసుకోనివ్వదు. నీటిమట్టానికి కాస్త కింద పైపుకు చిన్న బెజ్జం వేసి, మట్టం దిగగానే గాలి లోపలికి పోయేలా చూడటమే నమ్మకమైన పద్ధతి. ఆ బెజ్జానికీ పొర కడుతుంది. నెలకోసారి పిన్నీసుతో పొడవాలి.

తొట్టిలోనే ఉన్న సంపుకు ఈ బాధ లేదు. కరెంటు పోతే రెండు వైపులా మట్టం సమానమవుతుంది, నీరు పెట్టె దాటి బయటికి రాదు. గాజుకు బెజ్జాలు, పైపులకు జాయింట్లు అక్కర్లేదు. పొరుగున కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరున్న 1369 నాటి శాసనం చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు చెబుతుంది. వాటిలో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. ప్రతి జాయింటూ ఆ దోషానికి ఒక అవకాశమే. మధ్యపలక దగ్గర కాస్త ఊరినా ఇక్కడ నష్టం లేదు, అటూ ఇటూ ఉన్నది ఒకే నీరు.

కరెంటు లెక్క కూడా తొట్టిలోని సంపు వైపే ఉంది. నీటిని జానెడు ఎత్తడానికి 15, 20 వాట్ల పంపు చాలు. కింది నుంచి నాలుగడుగులు ఎత్తాలంటే అంతే ప్రవాహానికి 35, 40 వాట్లు కావాలి. ఆ 20 వాట్ల తేడా ఏడాది పొడవునా కలిపితే 175 యూనిట్లు. ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు ఈ తేడా ఇంకా తెలుస్తుంది.

మరి ఆవిరిని మూతతో ఆపేయొచ్చు కదా? ఆపొచ్చు, కానీ దానికీ ఒక ధర ఉంది. రోజుకు 2.7 లీటర్లు ఆవిరవుతూ నీటిలోంచి దాదాపు 75 వాట్ల వేడిని లాక్కుపోతాయి. పంపు ఇచ్చే వేడి పోగా ఇంకా మిగిలే చల్లదనం ఇది. మన పొడి గాలి చేసే మేలు ఇదొక్కటే అనుకుంటాను. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 32 డిగ్రీల్లో ఏడుకు కాస్త పైన. అందులోంచే చేపలూ పీల్చాలి, సంపులోని బ్యాక్టీరియా కూడా. కాబట్టి మిగతా నెలల్లో గాజుమూత, ఏప్రిల్, మే నెలల్లో జాలీ మూత పెట్టుకోవడం మేలు.

పోయిన నీళ్లు ఏవి పోసి నింపుతామన్నది రెండు సంపులకూ ఉన్న సమస్యే. ఆవిరి నీటిని తీసుకెళ్తుంది, ఉప్పును వదిలేస్తుంది. వెయ్యి టీడీఎస్ ఉన్న బోరు నీళ్లతో రోజూ తగ్గింది నింపితే నెలకు 80 గ్రాముల లవణాలు అదనంగా చేరతాయి. తగ్గింది నింపడానికి ఆర్వో క్యాను నీళ్లు, వారం వారం మార్చే నీళ్లకు బోరువో, క్లోరిన్ పోగొట్టిన కొళాయివో వాడాలి. అంతా ఆర్వో పోస్తే క్షారగుణం బొత్తిగా లేక పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. సంపు ఉంటే నీళ్లు మార్చే పనే లేదనే మాట అమ్మకపు మాట. నైట్రేట్ ఎక్కడికీ పోదు. మనీప్లాంట్ వేళ్లు సంపులోకి వదిలితే కొంత తగ్గుతుంది. వారానికి మార్చే అరవై లీటర్లూ పెరట్లో కరివేపాకు చెట్టుకు పోస్తే అది ఎరువు కూడా. గప్పీ, మోలీ లాంటివి ఈ నీళ్లను ఇష్టంగానే భరిస్తాయి. డిస్కస్ పెంచాలన్న కోరిక ఇక్కడ ఖరీదైనది.

నాలుగడుగుల లోపు తొట్టికి నా మొగ్గు తొట్టిలోని సంపుకే, మూడు సమాన గదుల డ్రాయింగుకు మాత్రం కాదు. సంపుకు ఎనిమిదంగుళాలు వదలాలి. స్పాంజి, రింగులు ఒకే గదిలో ఒకదాని కింద ఒకటి సర్దితే పంపుకు 30కి 20 సెంటీమీటర్ల గది మిగులుతుంది. రోజుకు తగ్గేది అప్పుడు నాలుగున్నర సెంటీమీటర్లే, మూత ఉంటే ఇంకా తక్కువ. చేపలు ఈదే చోటులో ఆరో వంతు పోతుందన్నది నిజమే, దాన్ని దాచి లాభం లేదు. ఊరికి వెళ్లేటప్పుడు 20 లీటర్ల క్యాను ఎత్తులో పెట్టి, ఆర్వో మెషీన్లలో వాడే చిన్న ఫ్లోట్ వాల్వ్ తగిలిస్తే వారం గడుస్తుంది. అది ఇరుక్కుని క్యానంతా ఒకేసారి దిగినా మట్టం నాలుగు సెంటీమీటర్ల లోపే పెరుగుతుంది, పైన ఐదు ఖాళీ ఉంచుకుంటే చాలు.

ఆరడుగుల తొట్టికి, ఆస్కార్‌ల లాంటి పెద్ద తిండిపోతు చేపలకు ఆ ఇరుకు సంపు చాలదు. వాటికి కిందిదే కావాలి. బెజ్జాలు కొట్టించాలి కాబట్టి టఫెన్డ్ గాజు పనికిరాదు. సొంతిల్లు, కింది అంతస్తు అయితే ధైర్యంగా పెట్టుకోవచ్చు.

గాజు కోయించడానికి వెళ్లేటప్పుడు పంపును వెంట తీసుకెళ్లాలి. గది కొలతలో అది అడ్డంగా, నిలువుగా పట్టాలి, పైనుంచి పిడికిలి దిగాలి. పిడికిలి దిగని గదిలో స్పాంజిని ఎవరూ రెండోసారి కడగరు.