బొమ్మ వేస్తున్న పిల్లని లేపకండి

“ఏం చేస్తున్నావే?”

“బొమ్మ వేస్తున్నానమ్మా.”

“ఊరికే కూచున్నావుగా, అయితే లేచి ఈ కొబ్బరి కోరి పెట్టు.”

సంక్రాంతి పండగ నాలుగు రోజులూ మా అక్క ఇంట్లో ఈ మాటలు విని విని నాకు విసుగెత్తింది. ముక్కనుమ వెళ్ళిపోయింది, అందరూ ఎవరి ఊళ్ళకి వాళ్ళు చేరారు, నా విసుగు మాత్రం తగ్గలేదు. అందుకే ఈ వారం ఇంకో విషయం రాయబుద్ధి కాలేదు.

మా అక్క కూతురు చిత్రకారిణి. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. అది దానికి కాలక్షేపం కాదు, బతుకుతెరువు. హైదరాబాదులో ఇంటద్దె ఆ బొమ్మల డబ్బుతోనే కడుతుంది. నెలాఖరుకల్లా ఒక పుస్తకం బొమ్మలు అప్పజెప్పాలి కనుక రంగులూ కాగితాలూ సర్దుకునే పండక్కి వచ్చింది. దాని తమ్ముడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడికీ పూర్తిగా సెలవు దొరకలేదు, ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు, ఇద్దరికీ పండగలో పని ఉంది. మేడ మీద గది తమ్ముడికిచ్చారు. వాడు చెవులకి హెడ్‌ఫోన్ తగిలిస్తే చాలు, “వాడికి కాల్ ఉందర్రా, కిందికి రండి” అంటూ పిల్లల్ని తోలుకొచ్చేవాళ్ళు. కాఫీ పైకెళ్ళింది, గారెలు పైకెళ్ళాయి. ఆడపిల్ల మాత్రం వెనక వసారాలో బియ్యం బస్తాల పక్కన చాప వేసుకుంది. వాడికి గది ఇచ్చినందుకు నేను ఎవర్నీ తప్పుపట్టను. పని చేసుకునే మనిషికి తలుపున్న గది కావాలి. ఆ సంగతి ఆ ఇంటికి తెలుసు కూడా. తెలిసీ ఒకరికే ఇచ్చారు, అదీ నా బాధ.

నీటిరంగులతో పని చేసేవాళ్ళ పక్కన ఒక్కసారి కూచుని చూడండి. కాగితాన్ని తడిపి, నాలుగంచులా టేపు వేసి అట్టకి బిగిస్తారు. ఆకాశం వెయ్యాలంటే పైనుంచి కిందికి రంగునీళ్ళు ఒక్క ఊపున దింపాలి. ఆ తడి ఆరకముందే రెండో రంగు అందులో కలవాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, ఆగినచోట రంగు అంచుకట్టి గీతలా ఆరిపోతుంది. ఆ తరవాత ఎంత తడిపినా, ఎంత తుడిచినా ఆ జాడ పూర్తిగా పోదు. భోగి ముందురోజు పొద్దున మా పిల్ల కాలవ మీద మంచు వేస్తోంది. పైన లేత పసుపు, కిందికి దిగేకొద్దీ బూడిదలోకి జారే నీలం. కొబ్బరిచెట్ల వరస దాకా దింపింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కేక, అరిసెలు ఒత్తడానికి మనిషి చాలడం లేదని. లేచింది. చెక్కలు పట్టుకుని నూనె ఒత్తి, చేతులు కడుక్కుని తిరిగొచ్చేసరికి కాగితం మీద అడ్డంగా ముదురు నీలం గీత. మంచి కాటన్ కాగితం పెద్ద షీటు ఒక్కొక్కటీ వందల్లో ఉంటుంది. దాన్ని బోర్లించి పక్కన పెట్టి, ఇంకోటి తీసి తడపడం మొదలుపెట్టింది. ఒక్క మాట అనలేదు. నాకే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. పాకం ఒక్క క్షణం ఆలస్యమైతే ముదిరిపోతుందని ఆ ఇంట్లో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. తడి కాగితానికీ అలాంటి క్షణం ఒకటుందని మాత్రం పెద్దవాళ్ళెవరికీ తెలియదు.

మా అక్కకి కూతురంటే ప్రాణం. అది రెండో తరగతిలో వేసిన వినాయకుణ్ణి ఇప్పటికీ దేవుడి గూట్లో ఉంచుకుంది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది, “మా పిల్లకి మంచి హాబీ ఉందండీ” అంటుంది. ప్రేమకి లోటేమీ లేదు. కూతురు చేసేది పని అన్న సంగతే మనసుకెక్కలేదు.

ఇది మా అక్క ఒక్కింటి కథే కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో దేశమంతా టైమ్ యూజ్ సర్వే జరిపింది. ఇంటి చాకిరీ చేస్తున్న ఆడవాళ్ళు జీతం లేని ఆ పనికి రోజుకి 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే దాదాపు అయిదు గంటలకి గంటన్నర. ఇది ఏడాది పొడుగునా లెక్క. సంక్రాంతి వారంలో ఇంటినిండా చుట్టాలున్నప్పుడు అది ఎంతకి పెరుగుతుందో చదివే ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ గంటల్లోంచే మా పిల్ల తన బొమ్మకి కాస్త సమయం మిగుల్చుకోవాలి.

నన్ను బాగా కదిలించింది వేరే ఉంది. పండగనాడు తెల్లవారకముందే ఆ పిల్లే వాకిట్లో ముగ్గు పెట్టింది. కళ్ళాపి చల్లిన నేల మీద 15 చుక్కలు, 8 వచ్చేదాకా, సందు చుక్క. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి, నడుం వంచి వెనక్కి అడుగేస్తూ గీత వదులుతుంటే ఎక్కడా సన్నబడలేదు, ఎక్కడా ముద్దకట్టలేదు. మెలిక తిరిగిన గీత చుక్కచుక్కనీ చుట్టి బయలుదేరిన చోటికే వచ్చి కలిసింది. అంతసేపూ దాన్ని ఎవరూ పిలవలేదు! మా అక్కే కాఫీ తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళింది. అటు తొక్కబోయిన పిల్లాణ్ణి వాళ్ళ నాన్న రెక్క పట్టుకుని లాగాడు. మా బావగారు స్కూటరు బయటికి తియ్యాల్సి ఉండి కూడా ముగ్గు అయ్యేదాకా ఆగారు. అయిదింటికి ముగ్గుపిండి పట్టుకున్న చేతికి దొరికిన మర్యాద పదింటికి కుంచె పట్టుకున్న అదే చేతికి ఎందుకు దొరకలేదు? గీసే మనిషిని మధ్యలో లేపకూడదని మన ఇళ్ళకి తెలియకేం, శుభ్రంగా తెలుసు. ఆ తెలివి వాకిలి దాటి లోపలికి రాలేదు, అంతే.

ముగ్గు గురించి మొదలుపెడితే నాకు ఆగాలనిపించదు. రూళ్ళ పుస్తకంలో, గళ్ళ కాగితాల మీద, పాత డైరీల్లో మన అమ్మమ్మలు దాచుకున్న ముగ్గులు ఈ దేశంలో ఏ చిత్రశాలకీ తీసిపోవు. మెలికముగ్గులో గీత ఎక్కడ మొదలైతే అక్కడికే చేరాలన్న లెక్కని బడి మొహం చూడని ఆడవాళ్ళు వేళ్ళతో సాధించారు. దానికి సంతకం లేదు, వెల లేదు. ఇప్పుడు గుమ్మాల్లో ప్లాస్టిక్ స్టిక్కరు ముగ్గులొచ్చాయి. జల్లెడలాంటి అచ్చు నేల మీద పెట్టి రంగు పోసి ఎత్తితే ముగ్గయిపోతోంది. వీలు కోసం వాడుకునేవాళ్ళని నేనేమీ అనను, ఉద్యోగాలకి పరిగెత్తే ఆడవాళ్ళకి పొద్దున గంట ఎక్కడిది? కానీ ఇంట్లో ముగ్గు తెలిసిన పెద్దావిడ ఉండగా ఆవిడ పుస్తకం అటక మీద చెదలు పడుతుంటే మాత్రం ఊరుకోలేను. ఆ పుస్తకాన్ని దింపి ఫోన్లతో ఒక్కో పుటా ఫొటో తియ్యండి. ఎవరు వేశారో ఆవిడ పేరు కూడా రాయండి.

పేరు మాట ఎందుకన్నానంటే, రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని సొంత ఊరికే తిరిగొచ్చి, 1925లో మశూచితో 28 ఏళ్ళు నిండకుండానే పోయాడాయన. ఆయన పేరు బొమ్మలంటే ఇష్టమున్న తెలుగువాళ్ళకి తెలుసు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులేనని ఎంతమందికి తెలుసు? నూరేళ్ళ కిందట ఒకే ఇంట్లో అన్న, చెల్లెలు, భార్య ముగ్గురూ బొమ్మలు వేశారు. మనకి గుర్తుంది ఒక్కరే. శివరాజు సుబ్బలక్ష్మి గారు కథలు రాశారు, నవల రాశారు, బొమ్మలు వేశారు. 2021లో ఆవిడ పోయినప్పుడు కూడా చాలామంది ‘బుచ్చిబాబు గారి భార్య’ అనే చెప్పుకున్నారు. బుచ్చిబాబు నాకు ఇష్టమైన రచయిత. అయినా ఆ మాట నాకు కష్టంగానే తోచింది.

మగ చిత్రకారులకి ఇంకో రకం పోటు. వాళ్ళని కొబ్బరి కోరమని అనరు, “ఇంతకీ ఉద్యోగం ఎప్పుడు చూసుకుంటావురా?” అంటారు. పండక్కి పిలిచిన అల్లుడు చిత్రకారుడైతే మామగారు ఆ మాట ఊళ్ళో చెప్పడానికి మొహమాటపడటం నేను చూశాను. ఇక ఉచితంగా వేసిపెట్టమనేవాళ్ళు ఉండనే ఉన్నారు. గృహప్రవేశానికి గణపతి, మనవడి మొహం, పెళ్ళి శుభలేఖ మీద నెమళ్ళు. “నీకెంతసేపు, నిమిషంలో గీసేస్తావు” అని పైగా ఒక మెప్పు.

అసలు ఊరికి రావడం చిత్రకారులకి సెలవు కానే కాదు. కె. లక్ష్మాగౌడ్ బరోడాలో చదువు ముగించుకుని ఉమ్మడి మెదక్ జిల్లాలోని తన నిజాంపూర్‌కి తిరిగొచ్చి ఆ పల్లె మనుషుల్ని, మేకల్ని, చెట్లని గీశారు. తోట వైకుంఠం ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి వాడు. ఆయన బొమ్మల్లో పెద్ద బొట్లు, నిండురంగు చీరలతో నిలబడే ఆడవాళ్ళు ఆ పల్లె ఆడవాళ్ళే. వాళ్ళని ఆయన ఎన్నేళ్ళు ఎంత ఓపిగ్గా చూసి ఉంటే ఆ బొట్టు సరిగ్గా అక్కడ కూచుంటుంది! అరుగు మీద కూచుని గంగిరెద్దు మీద కప్పిన బొంతకేసి తదేకంగా చూస్తున్న మనిషి ఊరికే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ మనిషి అప్పుడే గట్టిగా పని చేస్తోంది. మా పిల్ల చిన్న పుస్తకంలో పెన్సిలుతో హరిదాసు తలమీది అక్షయపాత్రని, దాన్ని కిందికి జారకుండా నిలిపిన మెడనీ గీసుకుంది. ఆ మెడ నరాలు నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ గమనించలేదు. ఆ చిన్న పుస్తకం చూపించమని ఇంట్లో నాతో పాటు అడిగింది దాని మేనల్లుడు ఒక్కడే.

చూడటం అంటే గుర్తొచ్చింది. ఈ పండక్కి నా ఫోనుకొచ్చిన శుభాకాంక్షల్లో సగానికి పైగా ఏఐ గీసినవే. అందులో ఒకటి ముగ్గు. చుక్కలు ఒక దారి, గీతలు ఒక దారి. సగం గీతలు ఎక్కడికీ వెళ్ళకుండా గాల్లో ఆగిపోయాయి. దాన్ని నాకు పంపినవాళ్ళలో జీవితమంతా వాకిట్లో ముగ్గులు పెట్టినవాళ్ళున్నారు. వాళ్ళ వేళ్ళకి తెలిసిన తప్పు వాళ్ళ కళ్ళకి అందలేదంటే, బొమ్మని బొమ్మగా చూడటం మనకెవరూ నేర్పలేదన్నమాట. ఎప్పుడు నేర్పారు? బళ్ళో డ్రాయింగు పీరియడంటే లెక్కల మాస్టారు సిలబస్ పూర్తిచేసుకునే పీరియడు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వందమందికి పైగా పిల్లలున్న బడిలో చిత్రకళ లాంటి కళలు నేర్పేందుకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని దాని షెడ్యూలులోనే రాశారు. చట్టంలో ఉన్న ఆ మాస్టార్లు ఎన్ని బళ్ళలో కనిపిస్తున్నారు? ప్రైవేటు బళ్ళ సంగతి ఇంకా అన్యాయం. అయిదో తరగతి దాకా రంగు పెన్సిళ్ళు కొనిపించి, ఆరులో అడుగుపెట్టగానే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఆ పీరియడు ఎత్తేసిన బడి మా కాలనీలోనే ఉంది. ఫీజు మాత్రం ఏ యేడూ తగ్గించలేదు. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు పాసై ఉద్యోగం కోసం ఎదురుచూసేవాళ్ళు ఒకపక్క, మాస్టారు లేక గోడలకేసి చూసే పిల్లలు ఇంకోపక్క. ఇలా పెరిగిన పిల్లలే రేపు తల్లిదండ్రులై, బొమ్మ వేస్తున్న కూతుర్ని కొబ్బరి కోరమని లేపుతారు. మా అక్కని ఒక్కదాన్నే అని ఏం లాభం?

కాబట్టి చదివేవాళ్ళని ఒకటి అడుగుతున్నాను. ఈసారి పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు మార్కుల కాగితం చూసి లేచి రాకండి. మీ పిల్లల డ్రాయింగు పీరియడు వారానికి ఎన్నిసార్లో, దాన్ని ఎవరు తీసుకుంటున్నారో అడగండి. జరుగుతూనే ఉందని చెబితే, ఈ ఏడాది పిల్లలు వేసిన డ్రాయింగు పుస్తకం తెచ్చి చూపించమనండి.