అరుదైన జబ్బే, అందరికీ కాదు

గుండె కవాటాలకు సోకే ఇన్ఫెక్షన్‌ను వైద్యులు ఎండోకార్డైటిస్ అంటారు. అమెరికా, ఐరోపా లెక్కల్లో ఇది ఏడాదికి లక్ష మందిలో మూడు నుంచి పది మందికి వస్తుంది. ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండలేం. గుండె బాగున్నవారినీ బాగాలేనివారినీ ఒకే గాటన కట్టి తీసిన సగటు అది. కృత్రిమ కవాటం అమర్చుకున్నవారిని విడిగా లెక్కేస్తే ఏటా వెయ్యి మందిలో మూడు నుంచి పన్నెండు మంది దీని బారిన పడుతున్నారు. ముప్పు సుమారు వంద రెట్లన్నమాట.

పళ్లు తోముకున్నా, అన్నం నమిలినా నోట్లోని క్రిములు కొన్ని రక్తంలోకి వెళ్తూనే ఉంటాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటిని కాసేపట్లోనే తుడిచేస్తుంది. నున్నని కవాటం మీద అవి నిలవవు. దెబ్బతిని గరుకుబారిన కవాటానికి మాత్రం అంటుకుని, గడ్డకట్టిన రక్తంతో కలిసి గుత్తిలా పెరుగుతాయి. అందులోంచి ముక్క విరిగి మెదడుకు చేరితే పక్షవాతమే.

ఎవరికి వస్తుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. సంపన్న దేశాల్లో రోగులు ఎక్కువగా అరవై దాటినవారు. కృత్రిమ కవాటం, పేస్‌మేకర్, డయాలసిస్ వారిలో ఈ జబ్బుకు దారి తీస్తున్నాయి. సూదితో మత్తుమందు ఎక్కించుకునే యువకులు మరో వర్గం. మన దగ్గర కథ వేరు. 1980లలో చండీగఢ్ పీజీఐ వైద్యులు తమ రోగులను పరిశీలిస్తే సగటు వయసు పాతికేళ్లే! సుమారు నలభై శాతం మందికి ముందు నుంచీ రుమాటిక్ గుండె జబ్బు ఉంది. మూడోవంతు మందివి పుట్టుకతో వచ్చిన లోపాలు. ఇప్పుడు ఇక్కడా రోగుల వయసు పెరుగుతోంది, అయినా రుమాటిక్ జబ్బు పోలేదు. ఇరుకిళ్లలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే గొంతునొప్పికి చిన్నప్పుడు సరైన మందు పడకపోతే వచ్చే రుమాటిక్ జ్వరం కవాటాలను దెబ్బతీయడంతో మిగిలే జబ్బది. అందుకే కవాటం ఇన్ఫెక్షన్‌ను గుండె జబ్బుగా మాత్రమే నేను చూడలేను. పేదరికం పాతికేళ్ల వయసులో వసూలు చేసే బాకీ ఇది.

జబ్బును గుర్తించడంలోనే అసలు చిక్కు. వారాల తరబడి సన్నని జ్వరం, నీరసం, బరువు తగ్గడం. టైఫాయిడ్ అనో, టీబీ అనో అనుకుంటారు. ఊళ్లో ఆర్ఎంపీ ఇంజెక్షన్ ఇస్తారు, మెడికల్ షాపులో మాత్రలు దొరుకుతాయి. జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. పెద్దాసుపత్రికి చేరేసరికి, అప్పటికే పడ్డ ఆ మందుల వల్ల, రక్తంలోని క్రిమిని పెంచి చూసే బ్లడ్ కల్చర్‌లో క్రిమి కనిపించదు. ఏ క్రిమో తెలియకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు నరంలోకి ఎక్కించే మందును అంచనాతోనే ఎంచుకోవాలి. పెన్సిలిన్ రాకముందు ఇది సోకితే బతికినవారు దాదాపు లేరు. ఇవాళ ఇన్ని మందులున్నా, ఆసుపత్రిలో చేరిన ఐదారుగురిలో ఒకరు చనిపోతున్నారు.

పన్ను పీకించుకునే ముందు రెండు గ్రాముల అమాక్సిసిలిన్ వేసుకోవాలన్న సలహాను 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కృత్రిమ కవాటం ఉన్నవారు, ఒకసారి ఈ జబ్బు వచ్చి తగ్గినవారు వంటి కొద్దిమందికే పరిమితం చేసింది. రుమాటిక్ జబ్బు ఒక్కటే ఉన్నవారు ఆ జాబితాలో లేరు. వారు మూడు వారాలకోసారి తీసుకునే పెన్సిలిన్ ఇంజెక్షన్ రుమాటిక్ జ్వరం మళ్లీ రాకుండా ఆపుతుంది, కవాటం ఇన్ఫెక్షన్‌ను ఆపదు. వారికి మిగిలిన రక్షణ శుభ్రమైన నోరు, జ్వరమొస్తే అప్రమత్తత. కవాటం జబ్బున్న మనిషికి కారణం తెలియని జ్వరం వస్తే మొదటి యాంటీబయాటిక్ కంటే ముందు మూడుసార్లు రక్తం తీసి కల్చర్‌కు పంపాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఆ పరీక్ష పగలూ రాత్రీ అందుబాటులో ఉంచడం ప్రభుత్వాల పని.