ఆ గింజ ఏ అడవిది?

మొక్క నాటితే చాలు, విత్తనం ఎక్కడిదైతే ఏమిటన్న మాట మన దగ్గర పాతుకుపోయింది. టేకు ఎక్కడైనా టేకే అంటారు. ఈ మాట తప్పు. దీని నష్టం కామారెడ్డి, ఎల్లారెడ్డి అడవుల మీద పడుతుంది.

2015లో మొదలైన తెలంగాణ మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటినవాటిలో 85 శాతం బతికించే బాధ్యత ఊళ్లకు అప్పగించింది. మంచిదే. కానీ మూడేళ్లు నీళ్లు పోసి బతికించిన మొక్క ముప్పయ్యో ఏట వచ్చే కరువును తట్టుకుంటుందో లేదో ఆ 85 శాతం చెప్పదు. వరి విత్తనం కొనేటప్పుడు రకం, పంటకాలం అడగని రైతు ఉండడు. నూరేళ్లు నిలవాల్సిన చెట్టుకు ఆ ప్రశ్న ఎందుకు లేదు?

చలి దేశాలవాళ్లు ఎప్పుడో అడిగారు. 1907లోనే ఐరోపాలో వేర్వేరు ప్రాంతాల స్కాట్స్ పైన్ విత్తనాన్ని పక్కపక్కన పెంచి చూశారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1974లో 140 చోట్ల నుంచి తెచ్చిన లాడ్జ్‌పోల్ పైన్‌ను 60 చోట్ల నాటారు. జాతి ఒకటే. అయినా వెచ్చని చోటినుంచి వచ్చినవి చలి ప్రాంతంలో మంచుకు దెబ్బతిన్నాయి, మరీ చలి ప్రాంతాలవి వెచ్చని చోట ఎదగలేక వెనకబడ్డాయి. తరతరాల వాతావరణం వడకట్టిన గుణం గింజలోనే ఉంటుంది.

మన దగ్గర పైన్ లేదు, టేకు ఉంది. కేరళలోని నిలంబూరు టేకు కుండపోత వానల్లో పెరిగింది. మన ఎల్లారెడ్డి వైపు పోచారం అడవి టేకు నాలుగు నెలల వానతో బతికి, ఆకు రాల్చి మండుటెండలు దాటుతుంది. 1970ల నుంచి పలు దేశాల్లో జరిగిన టేకు పరీక్షల్లోనూ తడి, పొడి ప్రాంతాల విత్తనాల మధ్య తేడా బయటపడింది.

వాతావరణమే మారిపోతుంటే స్థానిక విత్తనం పాతబడదా అని కొందరంటారు. ఈ ప్రశ్నలో పస ఉంది. బ్రిటిష్ కొలంబియా చేసిందీ అదే: రాబోయే వాతావరణానికి సరిపోయే విత్తనాన్ని ఎంచుకోవడాన్ని 2022 నుంచి తప్పనిసరి చేసింది. అంటే అక్కడ ఎంపిక మరింత కట్టుదిట్టమైంది. మనమూ ఎక్కువ భాగం ఇక్కడి గింజ తీసుకుని, మనకన్నా ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉన్న దక్కను అడవుల గింజ కొంత కలపవచ్చు. టేకుతో ఆగకూడదు, నల్లమద్ది, ఏగిస, ఇప్ప, తునికి కూడా కావాలి. రోడ్డు పక్క చేతికందిన ఒక్క చెట్టు కాయలతో నర్సరీ నింపితే పెరిగేవన్నీ ఒకే తల్లి బిడ్డలు. ఒక తెగులు వస్తే అన్నీ పోవచ్చు.

అందుకే ప్రతి నర్సరీ రిజిస్టరులో అడవి పేరు, ఏరిన ఏడాది, తల్లిచెట్ల సంఖ్య రాయించాలి. ఈ చలికాలం టేకు కాయలు ఏరేలోపే పోచారంలో తల్లిచెట్లకు గుర్తులు పెట్టాలి.