కలల గేమ్ అనే ఉచ్చు

సొంతంగా వీడియో గేమ్ చేయాలని ఉవ్విళ్లూరే యువతకు ఇప్పుడు ఎటు తిరిగినా ఒకటే కథ వినిపిస్తోంది. ఎవరో ఒకతను ఉద్యోగం మానేసి, తలుపులు బిగించుకుని, నాలుగైదేళ్లు ఒంటరిగా తన కలల గేమ్‌ను చెక్కాడు, అది విడుదలైన రోజే అతని దశ తిరిగింది అన్నది ఆ కథ. దీన్ని నమ్మినవాళ్లకు గేమ్ జామ్‌లు, అంటే ఇచ్చిన థీమ్ మీద ఒక వారాంతంలో గేమ్ చేసే కార్యక్రమాలు, శని, ఆదివారాల కాలక్షేపంగా కనిపిస్తున్నాయి. రెండు రోజుల్లో తయారయ్యేది గేమ్ ఎలా అవుతుంది, నిజంగా పని చేసేవాళ్లకు ఆ గోల ఎందుకు అని తీసిపారేస్తున్నారు. ఈ అభిప్రాయాన్ని నేను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. ఒక ఆలోచన పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి ఎన్నో దారులున్నాయి. వాటిలో ఏళ్ల తరబడి ఒంటరిగా శ్రమించడమంత ఖరీదైనది మరొకటి లేదు. దాన్నే ఆదర్శంగా చూపించడం వల్ల చిన్న జట్లు నష్టపోతున్నాయి.

ఆ కథకు రుజువుగా అందరూ చూపించేది స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్‌ను. ఎరిక్ బరోన్ కోడ్, బొమ్మలు, సంగీతం, సంభాషణలు అన్నీ తానే చేసుకుని, సుమారు నాలుగున్నరేళ్ల శ్రమ తర్వాత 2016 ఫిబ్రవరిలో దాన్ని విడుదల చేశారు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాల్సిందే. అయితే కథ చెప్పేవాళ్లు ఒక భాగం వదిలేస్తున్నారు. 2011లో కంప్యూటర్ సైన్స్ చదువు ముగించిన బరోన్‌కు ఉద్యోగం దొరకలేదు. ప్రోగ్రామింగ్‌లో చేయి తిరగాలని ఆ గేమ్ మొదలుపెట్టారు. సియాటెల్‌లోని ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే చిన్న ఉద్యోగం చేశారు. భాగస్వామి సంపాదన ఇంటికి ఆసరాగా నిలిచింది. ఇల్లు గడిచే ఏర్పాటు ఉన్నచోట సాధ్యమైన పనిని, చదువు అప్పు తీర్చాల్సినవాళ్లకు, నెల నెలా ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లకు మార్గదర్శకంగా చెప్పడం అన్యాయం. పైగా అన్నేళ్లూ కష్టపడి, చివరికి ఎవరూ కొనని గేమ్‌తో మిగిలిపోయినవాళ్ల మీద ఎవరూ వీడియోలు తీయరు. వాళ్ల అనుభవం మన చెవిన పడకపోవడం వల్లే ఈ కథ ఇంత బలంగా నిలబడింది.

జామ్‌లు పిల్లకాయల ఆట అనేవాళ్లు వాటి పుట్టుక తెలుసుకోవాలి. 2002లో కాలిఫోర్నియాలో తొలి ఇండీ గేమ్ జామ్ నిర్వహించింది క్రిస్ హెకర్, షాన్ బారెట్ వంటి ఆరితేరిన ప్రోగ్రామర్లు. తెర మీద లక్ష బొమ్మలను ఒకేసారి ఆడించగల ఇంజిన్‌ను చేతికిచ్చి, దీనితో ఏం చేస్తారో చేయమన్నారు. పెద్ద కంపెనీలు కొత్తదనానికి భయపడుతున్నాయని, ప్రయోగాలకు చోటు కావాలని వాళ్లు ఆ పని చేశారు. అదే ఏడాది ఆన్‌లైన్‌లో లూడమ్ డేర్ మొదలైంది. 2009లో గ్లోబల్ గేమ్ జామ్ వచ్చి, ఒకే వారాంతంలో అనేక దేశాలవాళ్లను ఒకే థీమ్ మీద కూర్చోబెట్టింది. పని తెలిసినవాళ్లు తమ అవసరం కోసం కనిపెట్టుకున్న పద్ధతి ఇది.

ఆ పద్ధతి ఏం నేర్పుతుందో దగ్గర నుంచి చూడాలి. శుక్రవారం సాయంత్రం థీమ్ ప్రకటిస్తారు. ముగ్గురున్న జట్టు బోర్డు మీద పది లెవెళ్లు, మూడు రకాల శత్రువులు, ఒక దుకాణం, చిన్న కథ రాసుకుంటుంది. శనివారం మధ్యాహ్నానికి బొమ్మ నడుస్తుంది, దూకుతుంది, గోడ అంచు తగిలితే మాత్రం అక్కడే ఇరుక్కుపోతుంది. ఆ ఒక్క బగ్ సాయంత్రం దాకా పీక్కు తింటుంది. దుకాణాన్ని కొట్టేస్తారు. రాత్రికి కథ ఎగిరిపోతుంది. ఆదివారం పొద్దునకి పది లెవెళ్లు నాలుగవుతాయి. అప్పుడు పక్క జట్టులోని అమ్మాయి వచ్చి కీబోర్డు ముందు కూర్చుంటుంది. వాళ్లు ఎంతో ముచ్చటపడి గీసిన తలుపు ఆమెకు గోడలాగే కనిపిస్తుంది. దాని ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతుంది. "అక్కడే, అదే తలుపు" అని చెప్పకుండా నిలబడటం చేసినవాళ్లకు ఎంత కష్టమో! ఆమె లేచి వెళ్లగానే తలుపు రంగు మారుస్తారు, పక్కన ఒక దీపం పెడతారు. తర్వాత వచ్చినవాళ్లు నేరుగా అందులోకి వెళ్లిపోతారు. మన తలలో ఉన్నది ఆడేవాళ్ల కంటికి కనిపించడం లేదని ఆ కాసేపట్లో తెలిసొస్తుంది. తలుపులు బిగించుకున్న గదిలో ఈ పాఠం చెప్పేవాళ్లు ఉండరు.

రెండు రోజుల పనికి విలువేమిటని అడిగేవాళ్లు బాబా ఈజ్ యూ అనే గేమ్ వైపు చూడాలి. ఫిన్లండ్‌కు చెందిన అర్వీ టెయికారి 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో దాని తొలి రూపం చేశారు. అందులో ఆట నియమాలే తెర మీద మాటల దిమ్మెలుగా పడి ఉంటాయి. 'గోడ', 'అంటే', 'ఆగాలి' అనే అర్థమిచ్చే మూడు దిమ్మెలు వరుసగా ఉన్నంతసేపూ గోడ అడ్డుపడుతుంది. వాటిలో ఒకదాన్ని పక్కకు నెట్టేస్తే అదే గోడలోంచి నడిచి వెళ్లిపోవచ్చు. ఈ ఒక్క ఊహ ఆడేవాళ్లకు ఆనందం ఇస్తుందా లేదా అన్నది జామ్‌లోనే తేలిపోయింది. ఆ తర్వాతే ఆయన దాని మీద సుమారు రెండేళ్లు వెచ్చించి 2019లో పూర్తి గేమ్ తెచ్చారు. సెలెస్ట్ అనే గేమ్ కూడా అంతే. 2015లో మ్యాడీ థార్సన్, నోయెల్ బెర్రీ నాలుగు రోజుల్లో, పదహారు రంగులు మాత్రమే ఉన్న పికో-8 అనే కాల్పనిక కన్సోల్ మీద దాని మొదటి రూపం కట్టారు. దూకడం, గాలిలో ఒక్కసారి దూసుకుపోవడం, గోడను తన్ని ఎగరడం అప్పుడే కుదిరాయి. 2018లో వచ్చిన పెద్ద గేమ్‌కు అవే వెన్నెముక.

నేను దీర్ఘ శ్రమకు వ్యతిరేకిని కాను. ఆ శ్రమ ఎప్పుడు మొదలుకావాలన్నదే నా వాదన. ఊహ నిలబడుతుందని తేలాక ఏళ్లు పెట్టండి. తేలకముందే ఏళ్లు పెట్టమనడం జీవితాలతో జూదం ఆడించడమే.

"మీరు కూడా గెలిచినవాళ్ల పేర్లే చెబుతున్నారు కదా" అనవచ్చు. జామ్‌లలో తయారయ్యేవాటిలో అత్యధికం మరుగున పడిపోతాయి, నిజమే. జామ్ హిట్లు పుట్టిస్తుందని నేను అనడం లేదు. అక్కడ ఓడిపోయినవాళ్లు కోల్పోయేది ఒక వారాంతం. కలల గేమ్‌తో ఓడిపోయినవాళ్లు కోల్పోయేది యవ్వనంలో నాలుగేళ్లు, దాచుకున్న సొమ్ము, తమ మీద తమకున్న నమ్మకం. ఒక వారాంతం పోగొట్టుకున్నవాళ్లు వచ్చే నెల మళ్లీ ప్రయత్నిస్తారు. నాలుగేళ్లు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది ఈ రంగం వైపు మళ్లీ చూడరు.

జామ్‌లు నిద్రలేమిని గొప్పగా చూపిస్తాయన్న విమర్శ మాత్రం న్యాయమైనదే. రాత్రంతా మేలుకోవడాన్ని ఘనకార్యంగా పొగిడే నిర్వాహకులు తప్పు చేస్తున్నారు. గడువు పెట్టింది పనిని కుదించడానికి, ఒంటిని హింసించడానికి కాదు. శనివారం రాత్రి హాయిగా నిద్రపోయి, అందుకు తగ్గట్టు రెండు లెవెళ్లు తగ్గించుకున్న జట్టే జామ్‌ను సరిగ్గా అర్థం చేసుకున్నట్టు. ఆ మాటను నిర్వాహకులే మొదటి రోజు మైకులో చెప్పాలి.

మన దగ్గర ఈ చర్చ మరింత అవసరం. దేశంలోని గేమ్ డెవలపర్ల పెద్ద సమావేశం ఐజీడీసీకి హైదరాబాద్ ఎన్నో ఏళ్లు వేదికైంది. ప్రతిభకు కొదవలేదు. కానీ మన దేశంలో ఈ రంగం చాలాకాలం విదేశీ గేములకు పనులు చేసిపెట్టడం మీద పెరిగింది. ఒక కారు చక్రాన్నో, ఒక సైనికుడి బూట్లనో వారాల తరబడి తీర్చిదిద్దిన ఆర్టిస్టుకు గేమ్ మొత్తం ఎలా ముడిపడుతుందో చూసే అవకాశం తక్కువ. మొదటి తెర నుంచి చివరి తెర దాకా తన చేతిమీదుగా నడిచే అనుభవం ఆ వ్యక్తికి జామ్‌లో దక్కుతుంది. ఏళ్లపాటు కలిసి పనిచేయగల ప్రోగ్రామర్ ఎవరో, మాట పడలేని భాగస్వామి ఎవరో కూడా అక్కడే తెలుస్తుంది. దీనికి పెట్టుబడి కూడా అక్కర్లేదు. గోడో ఇంజిన్ ఉచితం. చేసిన గేమ్‌ను ఇచ్.ఐఓ వెబ్‌సైట్‌లో పైసా కట్టకుండా పెట్టుకోవచ్చు.

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా అన్నారు పెద్దలు. ఒక చిన్న గేమ్‌నైనా ముగించి పరాయివాళ్ల చేతికివ్వనివాళ్లు పెద్ద గేమ్ కోసం ఉద్యోగం వదలకూడదు. వదలమని చెప్పేవాళ్ల మాట వినకూడదు. ఇంజినీరింగ్ కాలేజీలు ప్రాజెక్టు రిపోర్టుల బొత్తుల బదులు, ప్రతి సెమిస్టరుకూ ఒక జామ్ పెట్టి, ముగించిన గేమ్‌కే మార్కులు వేయాలి. మొదలుపెట్టినవాళ్లు ఈ రంగంలో లెక్కకు మించి ఉన్నారు. మనకు కావలసింది ముగించినవాళ్లు. ముగించడం చేస్తేనే వస్తుంది, అది చిన్నవాటి మీదే మొదలవుతుంది.