పది రోజుల ప్రేమ పిల్లలకు చాలదు



గత నెల ఒక ఆదివారం ఆరాధన అయిన తర్వాత మన సంఘంలోని ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు. దసరా సెలవుల్లో పది రోజులు నేపాల్ వెళ్లి, కాఠ్మండులోని ఒక పిల్లల హోములో సేవ చేయాలని వారి కోరిక. "సిస్టరమ్మా, పిల్లలకి ఏ టీకాలు వేయించాలి? ఏ మందులు పట్టుకెళ్లాలి?" అని అడిగారు. చిన్నమ్మాయి తన డిబ్బీ పగలగొట్టి అక్కడి పిల్లల కోసం రంగు పెన్సిళ్లు కొన్నదట. వింటే సంతోషం కలిగింది.

టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు వేయించమన్నాను. ధనుర్వాతం, తట్టు టీకాలు సరిగా పడ్డాయో లేదో కార్డు చూసుకోమన్నాను. కాచిన నీళ్లే తాగమన్నాను. కుక్క కరిస్తే వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, ఆలస్యం చేయకుండా రేబిస్ టీకా మొదలుపెట్టించమన్నాను. అన్నీ చెప్పాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెప్పవలసిన అసలు మాట చెప్పలేదనిపించింది. మరుసటి వారం వారి ఇంటికి వెళ్లి చెప్పాను. అదే మాట, వారి అనుమతితో, ఈ పేజీలో రాస్తున్నాను.

నేను హాస్టల్లో పెరిగినదాన్ని. నాన్న పోయాక అమ్మ కూలికి వెళ్లేది. ఆరో ఏట నన్ను ఒక మిషన్ హాస్టల్లో చేర్చింది. అక్కడ అన్నం దొరికింది, చదువు దొరికింది. ఆ మేలు మరువను. ప్రతి చలికాలంలో విదేశాల నుంచి కుటుంబాలు వచ్చేవి. పాటలు నేర్పేవారు, బొమ్మలు ఇచ్చేవారు, ఫోటోలు తీసేవారు. ఒక ఏడు వచ్చిన దొరసానిగారు వారం రోజులు నాకు జడ వేసింది. వెళ్లేటప్పుడు మళ్లీ వస్తానని చెప్పింది. ఆ తర్వాత చాలా రోజులు సాయంత్రం పూట నేను గేటు దగ్గర నిలబడేదాన్ని. వార్డెనమ్మ వచ్చి లోపలికి లాక్కుపోయేది.

మరుసటి ఏడు వేరే కుటుంబం వచ్చింది. నేను పరుగెత్తుకెళ్లి వాళ్ల చెయ్యి పట్టుకున్నాను. ఆ పై ఏడు ఇంకొకరి చెయ్యి. "ఈ పాప ఎంత చనువుగా ఉందో" అని అందరూ ముచ్చటపడ్డారు. అది చనువు కాదని నర్సింగు చదువుకున్నాక గాని నాకు తెలియలేదు.

ఇంకొక సంగతి. మా మాస్టారు వచ్చినవారికి మమ్మల్ని చూపించి "ఆర్ఫన్స్" అని చెప్పేవారు. అది మా హాస్టల్ పేరేమో అనుకున్నాను. అనాథలు అని ఆ మాటకు అర్థమని తెలిసేనాటికి నేను తొమ్మిదో తరగతి. మా అమ్మ అప్పటికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో నాట్లు వేస్తూనే ఉంది. నన్ను చూడటానికి రావాలంటే ఆమె దగ్గర బస్సు ఛార్జీ ఉండేది కాదు. సముద్రాలు దాటి నన్ను చూడటానికి వచ్చినవారిలో ఒక్కరు కూడా మా అమ్మ ఎక్కడుందని అడగలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. అడగాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మన పిల్లల వార్డులో చూడండి. తల్లి మంచం పక్కన ఉన్న బిడ్డ సూది వేస్తే గట్టిగా ఏడుస్తాడు, కాసేపటికి తల్లి ఒళ్లో నిద్రపోతాడు. ఏడిస్తే వచ్చే మనిషి ఒకరున్నారని వాడికి తెలుసు. పసిబిడ్డకు కావలసింది చాలామంది ప్రేమ కాదు. రోజూ కనిపించే ఒకరిద్దరి ప్రేమ. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథ శరణాలయాల్లో ఉన్న 136 మంది పసివారిని అమెరికా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించారు. సగం మందిని పెంపక కుటుంబాలకు అప్పగించారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం కుటుంబంలోకి వెళ్లిన పిల్లల తెలివితేటలు మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే వెళ్లినవారు అందరికంటే ఎక్కువ కోలుకున్నారు. మనుషులు మారిపోతూ ఉండే చోట పెరిగిన పిల్లలు ఎవరు కనిపించినా ఒళ్లోకి ఎక్కుతారు. మనం దాన్ని చూసి మురిసిపోతాం. నర్సులు మాత్రం దాన్ని చూసి భయపడాలి.

ఇక నేపాల్ సంగతి. అక్కడ 1996 నుంచి 2006 వరకు మావోయిస్టులకు, ప్రభుత్వానికి మధ్య యుద్ధం జరిగింది. హుమ్లా లాంటి రోడ్డు లేని కొండ జిల్లాల్లో, తమ పిల్లలను దళాల్లోకి తీసుకుపోతారని తల్లిదండ్రులు భయపడ్డారు. మీ పిల్లలను పట్నంలో చదివిస్తామని దళారులు వచ్చారు. ఉన్నదంతా అమ్మి వారికి డబ్బు కట్టి పిల్లలను పంపినవారున్నారు. ఆ పిల్లల్లో చాలామంది కాఠ్మండులో అనాథలుగా చెలామణి అయ్యారు. 2004లో కానర్ గ్రెనన్ అనే అమెరికా యువకుడు కాఠ్మండు దగ్గర గోదావరి అనే ఊళ్లోని ఒక హోములో సేవకు వెళ్లాడు. మన గోదావరి పేరే. అనాథలనుకున్న పిల్లలకు తల్లిదండ్రులు ఉన్నారని అతనికి అక్కడే తెలిసింది. తర్వాత అతను పిల్లల ఫోటోలు పట్టుకుని హుమ్లా కొండల్లో కాలినడకన తిరిగి వారి కుటుంబాలను వెతికాడు. ఆ పిల్లలకు అతను చేసిన గొప్ప మేలు ఆటలు ఆడించడం కాదు. మీ అమ్మ ఎక్కడ అని అడగడం.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు, సాయం పేరుతో పిల్లలను తరలించుకుపోతారని అక్కడి ప్రభుత్వమే కొత్త హోముల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా, సందర్శకుల కోసం పిల్లలను హోముల్లో పెట్టే పద్ధతి వల్ల కలిగే కీడును గుర్తించి తీర్మానం చేసింది. అన్ని హోములూ అలాంటివని నేను అనడం లేదు. నిజంగా ఎవరూ లేని పిల్లలను కన్నబిడ్డల్లా చూసేవారు ఉన్నారు. అయితే చూడవచ్చేవారి డబ్బు మీద హోము నడుస్తుంటే, అక్కడ పిల్లలు ఎప్పుడూ ఉండవలసిందే. ఇంటికి పంపితే హోము మూతపడుతుంది.

"అయితే దిక్కులేని పిల్లలను పరామర్శించమని వాక్యంలో లేదా?" అని ఆ తండ్రిగారు నన్ను అడిగారు. ఉంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం. అయితే ఆ వచనంలో పిల్లల పక్కనే విధవరాండ్రు కూడా ఉన్నారు. ఇద్దరినీ కలిపి చెప్పాడు అపొస్తలుడు. నా చిన్నతనంలో వచ్చినవారు పిల్లను పరామర్శించారు, విధవరాలిని మరిచిపోయారు. ఆ ఇద్దరినీ ఒకే ఇంట్లో ఉంచడానికి ఏడాదికి అయ్యే ఖర్చు వాళ్ల టికెట్టు ధరలో చిన్న భాగం.

"మా పిల్లలకు కూడా ఒక పాఠం అవుతుంది కదా" అన్నారు తల్లిగారు. అది మంచి కోరికే. కాని మన బిడ్డ నేర్చుకునే పాఠానికి ఇంకొకరి బిడ్డ కన్నీళ్లు ఖర్చు కాకూడదు.

దూరదేశం వెళ్లి సేవ చేయవద్దని నేనెలా అంటాను? అలా వచ్చినవారి వల్లే మనకు ఇన్ని ఆసుపత్రులు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. అంతకాలం ఉండి మన మనుషులకు పని నేర్పారు కాబట్టే ఆ దీపం ఇంకా వెలుగుతోంది. మనందరం నలభై ఏళ్లు ఉండలేం. పది రోజులే ఉండగలిగితే, పది రోజుల్లో అయ్యే పనికే వెళ్దాం.

వెళ్లేవారికి నా సలహాలు ఇవి.

మీరు ఏం చేయాలనుకుంటున్నారో చెప్పకముందు, మీ వల్ల ఏం కావాలో అక్కడి సంఘాన్ని అడగండి. హోముకు రిజిస్ట్రేషన్ ఉందా, ఎంతమంది పిల్లలకు తల్లిదండ్రులు గాని బంధువులు గాని ఉన్నారు, వారిని ఇంటికి చేర్చడానికి ఏం చేస్తున్నారు అని అడగండి. ఎవరు మీరు అని కూడా విచారించకుండా మిమ్మల్ని పిల్లల గదుల్లోకి పంపే చోటును నమ్మవద్దు.

పిల్లలను ఎత్తుకోవడానికి బదులు పిల్లలను పెంచేవారికి సాయపడండి. చేతులు కడగడం, విరేచనాలకు ఓఆర్ఎస్ కలపడం, ప్రథమ చికిత్స ఆయాలకు నేర్పండి. మరుగుదొడ్లు బాగు చేయించండి. ఆ పని మీరు వచ్చేశాక కూడా నిలుస్తుంది.

జలుబు, జ్వరం, ఒంటిమీద పొక్కులు ఉంటే పిల్లల దగ్గరకు వెళ్లవద్దు. కిక్కిరిసిన గదుల్లో మన జలుబు వారికి న్యుమోనియా కావచ్చు. ఫోటోలు తీసి అందరికీ పంపవద్దు. రాలేకపోతే మళ్లీ వస్తామని చెప్పవద్దు. నేపాల్ చట్టం ప్రకారం ఒకరి మతం మార్పించడం జైలు శిక్ష పడే నేరం. మనం తెలియక చేసిన పనికి, మనం వచ్చేశాక అక్కడి విశ్వాసులు కష్టపడవలసి వస్తుంది.

ఇదంతా విని ఆ తండ్రిగారు మొదట నొచ్చుకున్నారు. "టికెట్లు కొనేశాం సిస్టరమ్మా" అన్నారు. తర్వాత అక్కడి పాస్టరుగారికి ఫోను చేసి, మీకేం అవసరమని అడుగుతామన్నారు. అంతసేపూ తలుపు దగ్గర నిలబడి వింటున్న చిన్నమ్మాయి, "అయితే నా పెన్సిళ్లు ఏం చెయ్యాలి ఆంటీ?" అంది.

"కొండ ఊళ్లో బడికి పంపించమ్మా. సాయంత్రం అమ్మ దగ్గరకు వెళ్లిపోయే పిల్లలు వాటితో బొమ్మలు వేసుకుంటారు" అన్నాను.

ప్రయాణం పెట్టుకున్నవారు కనీసం నెల రోజుల ముందు టీకా కార్డులతో ఓపీకి రండి. దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్