మాయాబజారు విస్తరి

పూర్వకాలపు కథను, అందులోను పరదేశపు భోజనమును చూపు చలనచిత్రములలో ఎవరికెంత చోటు దొరకినదని విచారించుట నేడు లోకమంతటను పరిపాటియైనది. సోదరీమణులారా! ఆ విచారమును మన చిత్రముతోనే మొదలిడుదము. 1957వ సంవత్సరమున విజయా వారు నిర్మింపగా కె. వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన “మాయాబజార్”ను ఎరుగని తెలుగు ఇల్లాలు అరుదు.

ద్వారక మనకు దూరదేశము, హస్తినాపురమును అంతే. అయినను ఆ పెండ్లివిందులో గారెలు, బూరెలు, పులిహోర, దప్పళము మన యింటి విస్తరిలోవలెనే అమరినవి. శర్మ, శాస్త్రులచేత గోంగూర ప్రశంస కూడ చేయించిరి. దీనిని మేము తప్పుపట్టము. పురాణకథను తమ సీమ రుచితో చెప్పుట మన హరిదాసులకును, తోలుబొమ్మలవారికిని మొదటినుండియు ఉన్న స్వాతంత్ర్యమే.

అయితే మనదనుకొన్న ఆ వంటలో పరదేశపు పాలెంతయో చూడుడు. ఘటోత్కచుని పాటలో లడ్డుతోపాటు జిలేబియు కలదు. ఆ పేరు అరబ్బీ, పారసీక భాషలనుండి వచ్చినది. గోంగూర జాతి మొక్కలకు పుట్టినిల్లు ఆఫ్రికా. గోంగూరపచ్చడికి ప్రాణమైన మిరప అమెరికాఖండపుది. పోర్చుగీసువారు 1498లో కళ్ళికోట చేరిన పిమ్మటనే మన నేలకు వచ్చినది. కాపురమునకు వచ్చిన కోడలు కొన్నాళ్ళకు ఆ యింటిపేరే తనదిగా చేసికొన్నట్లు ఇవన్నియు మనవైనవి. కావున విస్తరికి మడిగట్టి, ఇది స్వదేశి, అది విదేశి యని గీత గీయుట సాధ్యము కాదు.

మరి ఆ విస్తరిలో లేనిదేమి? మా పామూరు, కనిగిరి మెట్టసీమల సజ్జయు, జొన్నయు. ఇవియు వేలయేండ్ల క్రిందట ఆఫ్రికానుండి వచ్చినవే. జిలేబికి దొరకిన చోటు సజ్జరొట్టెకు దొరకలేదు. పెండ్లిలో జొన్నసంకటి ఎవరు వడ్డింతురని మీరడుగవచ్చును, న్యాయమే. ఒక్క చిత్రమునకు అది దోషము కాదు. కాని చిత్రము వెంట చిత్రములో తెలుగు భోజనమనగా వరియన్నమే యైనపుడు, మెట్టపొలముల పిల్ల బడిలో తన డబ్బా మూత తీయుటకు సిగ్గుపడును. తెరమీద కానరాని తిండి తక్కువ తిండియని ఆ పసిమనసునకు తోచును. ఈ చిన్నతనము ఆకలికన్న చెడ్డది.

ఇంకొక లోపము కలదు. వంటకములు తామై నోటిలోనికి ఎగిరిపోవుచుండగా రంగారావుగారి నటనను చూచి మురియని వారెవరు? కాని ఆ విందు తలచుకొన్నపుడు తినినవాడే కన్నులకు కట్టును. వండిన చేయి ఒక్కటియు జ్ఞప్తికి రాదు.

దీనికి ప్రక్కన 1987లో గేబ్రియల్ ఆక్సెల్ తీసిన డెన్మార్కు చిత్రము “బాబెట్ విందు”ను ఉంచి చూడుడు. 1871 నాటి పారిసు కల్లోలములో భర్తను, కుమారుని కోల్పోయిన బాబెట్ పరదేశమున ఒక పల్లె చేరి, వయసు మళ్ళిన అక్కచెల్లెండ్రకు వంట చేయుచు బ్రతుకును. లాటరీలో వచ్చిన 10,000 ఫ్రాంకులను పన్నెండుగురి విందుకు ఒక్కనాడే వెచ్చించును. తాబేటి పులుసు మొదలగువాటికి భయపడి, రుచినిగూర్చి పెదవి విప్పరాదని ఒట్టుపెట్టుకొన్న ఆ పల్లెవారు, భోజనము ముగియునప్పటికి పాతకలహములు మరతురు. ఆమె వంటయిల్లు దాటి రాదు. అయినను చిత్రమంతయు ఆమెదే. పరదేశి, దిక్కులేనిది, వంటకత్తె యైన స్త్రీకి అందులో దక్కినది జాలి కాదు, గౌరవము.

మా దృష్టిలో కొలత ఇదియే. తెరపై ఎన్ని జాతుల ముఖములున్నవని లెక్కించుట మంచిదే. కాని అది చాలదు. విస్తరిలో ఏ నేల పంట ఉన్నది, దానిని వండిన చేయి కనబడినదా యని కూడ అడుగవలెను. ఈసారి పిల్లలతో “మాయాబజార్” చూచునపుడు హాయిగా నవ్వుడు. పిమ్మట జిలేబి ఎక్కడిదో, గోంగూర ఎక్కడిదో చెప్పుడు. మరునాడు సజ్జరొట్టె కాల్చి పెట్టి, దాని ప్రయాణమును కూడ కథగా వినిపింపుడు. తెర ఇయ్యని చోటును ఇల్లు ఇయ్యగలదు.